రెండు ఫ్రెంచి ఇంటిపేర్లు

తెలంగాణ కోసం రైల్‌రోకో జరుగుతుంటే మా బండి మహబూబాబాద్‌లో ఆగిపోయింది. యానాం నుంచి హైదరాబాద్‌కు, మా అమ్మాయి సంబంధం ఖాయం చేసుకోవడానికి వెళ్తున్నాను. పక్కన కూర్చున్న లంబాడీ అవ్వ ఇంటిపేరు అడిగితే "మార్తెన్" అన్నాను. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో మా ముత్తాత పాత ఇంటిపేరు వదిలేసి ఆ పేరు పెట్టుకున్నాడని చెప్పాను.

"అన్నదమ్ములందరు గదే పెట్టుకున్నరా?"

"లేదవ్వా, ఎవరికి నచ్చింది వాళ్లు."

"మరి పిల్లనిచ్చేటప్పుడు ఎట్ల బిడ్డా? మా తండాల ముందుగాల గోత్రమే అడుగుతరు. ఒక్కటైతే అన్నచెల్లెండ్ల లెక్క."

పెళ్లికొడుకు వాళ్లు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు గానీ, వాళ్లదీ యానామే. వాళ్లదీ ఫ్రెంచి పేరే, కానీ మార్తెన్ కాదు. మాకు అది చాలనిపించింది. కాబోయే వియ్యంకుడికి ఫోన్ చేసి, మీ పాత ఇంటిపేరేమిటని మామూలుగా అడిగాను.

ఆయన నవ్వుతూ మా ముత్తాత వదిలేసిన పేరే చెప్పాడు.