పాపకు చూడడం నేర్పిన తాత

మా జాహ్నవికి నాలుగో నెల నడుస్తోంది. ఒక ఉదయం ఒళ్లో పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నాను. నేను మాట్లాడుతుంటే నవ్వింది. మాట ఆపి ముఖం దగ్గరగా పెట్టాను. నవ్వు పోయింది. కళ్లు నన్ను దాటి కిటికీ వెలుగు మీదికి వెళ్లిపోయాయి. ఆ పూట నాలుగైదుసార్లు అలాగే చేసి చూశాను. పాప నా గొంతును గుర్తుపడుతోంది కానీ నన్ను చూడడం లేదు.

మేం ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, క్వార్టర్‌లో ఉంటాం. మావారు గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్తే ఎప్పుడొస్తారో తెలియదు. ఇంట్లో నాకు తోడు మా మావయ్యగారే. వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యారు. విషయం చెబితే ఆయన పాప ముందు మెల్లగా చెయ్యి ఆడించి చూశారు.

"అవునమ్మా, సూడ్డం లేదు. ఊరికే కూకోకూడదు, డాక్టరుకి సూపిద్దాం" అన్నారు.

రైల్వే ఆస్పత్రి డాక్టరు కలకత్తాలో పెద్ద ఆస్పత్రికి పంపారు. కంటి లోపల చూసే ఫండస్ పరీక్ష, చూపు మెదడుకు చేరుతోందో లేదో చూసే వీఈపీ టెస్ట్, ఎమ్మారై అయ్యాయి. పుట్టగానే పాప ఏడవలేదు, పసిపిల్లల ఐసీయూలో ఉంచారు అని చెప్పాను. డాక్టరమ్మ అంతా విని అంది: "కళ్లు బాగున్నాయి. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక, చూసినదాన్ని పోల్చుకునే మెదడు భాగం దెబ్బతింది. కార్టికల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్ అంటారు."

"మందుందా?" అని అడిగాను.

"మందు లేదు. ఆట ఉంది. ఈ వయసులో మెదడు నేర్చుకోగలదు. ఎంతవరకన్నది ఇప్పుడే చెప్పలేను."

ఆ ఆట నేర్పింది అక్కడి థెరపిస్టు దీదీ. ఒకసారికి ఒకే వస్తువు. ఎరుపో పసుపో అయితే మంచిది. వెనక నల్లగా, బోసిగా ఉండాలి. మెల్లగా కదపాలి. అప్పుడు పిలవకూడదు, పాడకూడదు; చప్పుడు వింటే పాప చూడడం మానేస్తుంది. బొమ్మలకు రంగులేస్తానని మావయ్యగారు ఉత్సాహపడితే, "వద్దు దాదూ, నోట్లో పెట్టుకుంటుంది" అందామె. ఆయన ఎర్ర ఊలు కొని తనే బంతి చేశారు. అది తన చేతిలోనే ఉంచుకునేవారు.

వెనక నలుపుండాలి కదా అని ఆయన నల్లచొక్కా కూడా కొన్నారు. ఎప్పుడూ తెల్లబట్టల్లో తిరిగే మనిషి. కాలనీలో వాళ్లు "ఇప్పుడేటి, మాలేసినావా?" అని అడిగితే, "మాలే అనుకో. మనవరాలు సూసేదాకా తియ్యను" అన్నారు.

రోజూ పాప పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు పది నిమిషాలు. రైలు పెట్టెల మీద అక్షరాలు రాసిన చెయ్యి, అస్సలు వణికేది కాదు. ఇంట్లో ఆయన నోరు ఆగదు. పాప ముందు కూర్చుంటే మాత్రం ఊపిరి చప్పుడు కూడా వినిపించేది కాదు. నాకు అంత ఓపిక ఉండేది కాదు. రెండు క్షణాలు చూసి గిలక్కాయ ఊపేసేదాన్ని.

ఆట మొదలుపెట్టిన ఆరో వారంలో, నేను వంటింట్లో ఉండగా గుసగుసగా పిలిచారు. "పార్వతీ, రా. సప్పుడు సెయ్యకు." పాప కళ్లు బంతి దగ్గర ఆగాయి. బంతి జరిగితే అవీ జరిగాయి. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నా చెయ్యి కదలకుండా పట్టుకున్నారు.

బంతిని తన ఎడమవైపు పెడితేనే పాప చూస్తుందనీ, అందుకునేటప్పుడు చూపు తిప్పేసుకుంటుందనీ కనిపెట్టింది కూడా ఆయనే. డాక్టరమ్మ అది రాసుకుని, "ఇంత బాగా గమనించింది ఎవరు?" అని అడిగింది. మావయ్యగారు సిగ్గుపడి తల దించుకున్నారు.

ఎనిమిదో నెలలో మాకు ఇంకో దెబ్బ తగిలింది. పాప తల ఉన్నట్టుండి ముందుకు వాలిపోసాగింది, ఒకసారి కాదు, వెంటవెంటనే. ఈఈజీ తీసి ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్, అంటే పసిపిల్లలకొచ్చే ఒకరకం ఫిట్స్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. ఫిట్స్ తగ్గేసరికి చూపు మళ్లీ ఖాళీ అయిపోయింది. బంతి ఎదురుగా ఉన్నా పట్టించుకోలేదు.

"అంతా మొదటికొచ్చింది మావయ్యా" అని ఏడ్చాను.

"మొదటికొత్తే మొదట్నుంచి సేద్దాం. దానికోపికుంటే మనకుండదేటి?" అని ఆయన నేల మీద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులతో లేవడానికి గోడ పట్టుకోవాల్సిన మనిషి.

ఈసారి పాప చూపు బంతి మీద ఆగడానికి రెండు నెలలు పట్టింది.

జాహ్నవికి ఇప్పుడు రెండున్నరేళ్లు. గోడ పట్టుకుని నడుస్తుంది. గదిలో అటు చివర నుంచి తాతను పోల్చుకుంటుంది. అన్నీ సరికాలేదు. మా ఊళ్లోనే ఇందా అనే పేటలో బజారుకు తీసుకెళ్తే ఆ గుంపు, ఆ రంగులు తట్టుకోలేక నా భుజంలో ముఖం దాచుకుంటుంది. చూపులో కొంత లోపం ఉండిపోతుందనే డాక్టరమ్మ చెప్పింది. మొన్న మావయ్యగారి పళ్లెంలోంచి టమాటా ముక్క తనే చూసి, తనే తీసుకుని తినేసింది. ఆయన ఆ పూట అన్నం మరచి దానికేసే చూస్తూ కూర్చున్నారు.

ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు ఆట నేర్పాక, వస్తువు చూపించి ఆగండి. మీకు చాలనిపించాక ఇంకాసేపు ఆగండి. మేం అనుకున్నదానికంటే ఆలస్యంగానే మా పాప చూపు బంతి దాకా వచ్చేది, కానీ వచ్చేది.