పరిగెడితే ఆరిపోయే దీపం

డన్‌బెక్‌లో మంచు ఎంత పడుతుందో చెబితే పక్క ఊరివాళ్లు కూడా నమ్మరు, వాళ్లకి పడేది మాకు పడగా మిగిలిందే అయినా. ఒక ఏడాది వెర్లిన్ స్టుబ్బె మంచు తోసే బండి వేసుకుని సరస్సు రోడ్డు మీదికి బయలుదేరితే ముందు ఒక ఉత్తరాల డబ్బా బయటపడింది. దాని కింద ఒక కారు. ఆ కారులో కిందటేడు ఇరుక్కుపోయిన మనిషి. ఆయన అద్దం దించి, "కాస్త ఆలస్యమైనట్టుందే" అన్నాడట. వెర్లిన్ తప్పయిపోయిందని ఒప్పుకుని, వెనకాలే రమ్మని చెప్పి, ఊళ్లోదాకా దారి చూపించాడు. ఇందులో అబద్ధం ఏమైనా ఉంటే అది అద్దం దించిన దగ్గరే. మా విస్కాన్సిన్ చలికి ఏ కారు అద్దమూ దిగదు.

వెర్లిన్‌ది అదే ఉద్యోగం. కౌంటీ వాళ్ల పసుప్పచ్చ బండి, పైన గిరగిర తిరిగే దీపం, ముందు ఇనప పార. తెల్లవారకముందే ఊరి కంటే ముందు లేచి, ఊరంతటికీ అడ్డం పడి, ముసలి ఎద్దులా నడుస్తాడు. వెనక పది కార్లు హారన్లు కొడుతూ తిట్టుకుంటాయి. అతను పోయినచోటే రోడ్డుంటుందని వాటికి తెలుసు గనక దాటిపోవు.

ఎవరికీ అక్కర్లేనిదేదైనా అతని కంటబడితే వదలడు. ఎడమవైపుకే తిరిగే పడవ ఒకటి కొన్నాడు. "మరి సరస్సు కూడా గుండ్రంగానే ఉందిగా?" అన్నాడు. అయినా అతని మహిమంతా చూడాలంటే శనివారం మధ్యాహ్నం ఇర్మా టోల్ఫ్‌సన్ చేపల ఎర దుకాణం వెనక గదికి వెళ్లాలి.

ముందు గదిలో ఇర్మా వానపాములూ, చేపపిల్లలూ అమ్ముతుంది. వెనక గదిలో, చేపపిల్లల తొట్ల మధ్య, ఒక కాలు పొట్టిదైన బల్ల. దాని చుట్టూ ఇరవయ్యేళ్లుగా నడుస్తున్నది గుహలాట. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక వీరుణ్ణి పట్టుకుని ఆ కథలోకి దూకుతారు. కత్తి తగిలిందా, గోడ ఎక్కగలిగారా అన్నది పాచికలు తేలుస్తాయి. కథ చెప్పేది ఇర్మా. ఆమె ఎంతమంది రాక్షసులను పుట్టించిందో లెక్క లేదు, వీరుల్ని చంపింది మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే.

ఆటలోకి దిగేముందు ఎవరికి వాళ్లు ఆట నియమాల పుస్తకంలోంచి ఒక అవతారం ఎంచుకోవాలి. గొడ్డలివీరుడు, మంత్రగాడు, విలుకాడు, అలా. బుద్ధున్నవాళ్లు మంచిది ఏరుకుంటారు. వెర్లిన్ మాత్రం పుస్తకాన్ని వెనకనుంచి తిరగేసి, రాసినవాడు కూడా రాసి మరిచిపోయిన అవతారాన్ని పట్టుకొస్తాడు. ఒకసారి ఓడవీరుడిగా వచ్చాడు. ఓడ మీద తప్ప అతని బలం పనిచేయదు. ఇర్మా కథంతా కొండల్లో. తర్వాత ఒక సన్యాసి. అతని గొప్ప శక్తి తాను చచ్చిన మరుక్షణం మొదలవుతుంది, కానీ చచ్చినవాడు ఏ పనీ చేయరాదని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉంది.

ఆ తర్వాత వచ్చినవాడు దీపధారి. వచ్చినవాడు మరి పోలేదు.

దీపధారిని రాసినాయన ఇంట్లో ఆ రోజు కరెంటు పోయి ఉండాలి. వాడి ఒక చేతిలో దీపం, రెండో చెయ్యి గాలి తగలకుండా దానికి అడ్డం. ఇక కత్తి పట్టడానికి మూడో చెయ్యి లేదు. పరిగెడితే దీపం ఆరిపోతుంది. ఆరితే మళ్లీ వెలిగించడానికి మామూలు నిప్పు పనికిరాదు. వాడు కూర్చుని మనసులో ప్రార్థన చేసుకోవాలి, అంతసేపూ తోడున్నవాళ్లు నోరెత్తకూడదు. ఇన్ని కష్టాలు పడి, ఏళ్ల తరబడి ఆడి, పై మెట్టు ఎక్కితే దక్కే వరం ఏమిటయ్యా అంటే, నూనె వాసన బాగుంటుంది.

పోనీ వెలుగైనా ఎవరికైనా కావాలా అంటే అదీ లేదు. మిగతావాళ్లంతా చీకట్లో కళ్లు కనిపించే జాతుల్ని ఏరుకున్నారు. కాగడాలు బరువని ఎప్పుడో పారేసి, ఆ సంచుల్లో బంగారం నింపుకున్నారు.

"అసలెందుకురా నీకు వీడు?" అని గేలార్డ్ పివోన్‌కా అడగని శనివారం లేదు. గేలార్డ్ ఊళ్లో మాంసం కూరి సాసేజ్‌లు చేస్తాడు. అతను దుకాణంలో తుమ్మితే సరస్సు అవతల ఆవులు పాలు ఆపేస్తాయి. ఆటలో మాత్రం గ్రోమ్‌హిల్డ్ అనే మరుగుజ్జు వీరనారి. ఆమె గొడ్డలినీ, ఆమె జడలనూ, ఆమె పరువునూ సొంత కూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటాడు.

"ఎవరో ఒకాయన కూర్చుని రాశాడు కదరా," అనేవాడు వెర్లిన్. "ఎవరూ తీసుకోకపోతే ఆయన రాసిందెందుకు మరి?"

ఆ జనవరిలో గేలార్డ్ కొత్త పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద దబ్బున వేశాడు. బల్ల ఊగి చీజ్ ముక్కల గిన్నె ఒక మూలకి జారిపోయింది.

"ఇదిగో, ఈటెవీరుడు. గుర్రంతో సహా వస్తాడు. ఒరేయ్ వెర్లిన్, వీణ్ణి తీసుకో. నీ దీపపు స్తంభాన్ని మొయ్యలేక మా నడుములు విరుగుతున్నాయి."

"మామయ్య జోలికెళ్లకు గేలార్డ్," అంది రొవీనా. వెర్లిన్ చెల్లెలి కూతురు, పళ్ల డాక్టరు దగ్గర పని. ఆటలో విలుకత్తె. "పోయిన వారం నిన్ను ఆ గుంటలోంచి పైకి లాగిందెవరు?"

"నువ్వు లాగావు. మీ మామయ్య దీపం పట్టుకుని చూశాడు."

"బాగా కనిపించావు," అన్నాడు వెర్లిన్.

ఇర్మా కళ్లద్దాలు ముక్కు మీదికి దించింది. "సరే, తగువు వద్దు. ఇవాళ ఆట ముగిసేలోగా దీపధారి ఒక్క పనికైనా వస్తే ఉంటాడు. రాకపోతే వచ్చే శనివారం నుంచి ఈటెవీరుడు. ఏమంటావు వెర్లిన్?"

వెర్లిన్ తన కాగితం వైపు చూశాడు. చెరిపి చెరిపి బట్టలా మెత్తబడిపోయిన కాగితం. దాని మూల ఎప్పుడో తనే గీసిన చిన్న దీపం బొమ్మ. ఆ సన్యాసిని పోగొట్టుకున్నప్పుడు నవ్వాడు, ఓడవీరుణ్ణి కూడా నవ్వుతూనే సాగనంపాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

"అలాగే," అన్నాడు.

గుహలో ఆ రోజు ఇర్మా వేటకుక్కల్ని వదిలింది. దూడలంత ఉన్నాయి, కోరల నిండా విషం. గేలార్డ్ లేచి నిలబడి మరీ అరిచాడు. "పరిగెత్తండి! ఆ ఎదురుగా తలుపుంది, పరిగెత్తండి!"

"పరిగెడితే దీపం ఆరిపోతుంది," అన్నాడు వెర్లిన్.

"ఆరితే ఆరింది! దాని మొహం! మాకందరికీ చీకట్లో కళ్లు కనిపిస్తాయి, నీ ఒక్కడికే కనిపించవు. నా జడ పట్టుకుని రా!"

పరిగెత్తారు. దీపం ఆరిపోయింది. తలుపు మూసే లోపల ఒక కుక్క గ్రోమ్‌హిల్డ్ పిక్క పట్టేసింది. పాచిక వేస్తే ఒకటి పడింది. విషం ఎక్కింది.

"గదిలో ఒక గూడు ఉంది," అంది ఇర్మా, కుట్టుపని చేసుకుంటున్నంత నెమ్మదిగా. "గూట్లో రెండు సీసాలు. గోడ మీద చెక్కి ఉంది, ఎర్రది ప్రాణం, పచ్చది పాడె అని."

"ఎర్రది తాగేశా!" అన్నాడు గేలార్డ్.

"రెండూ బూడిద రంగే."

"బూడిదేమిటి? ఇప్పుడే ఎర్రది, పచ్చది అన్నావు?"

"గోడ అంది. నేననలేదు." ఇర్మా పాత పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించింది. చీకటిచూపు ఉన్నవాళ్లకి ఆకారాలే కనిపిస్తాయి, రంగులు కనిపించవు. ఇరవయ్యేళ్లుగా ఆ వాక్యం అక్కడే ఉంది. ఇరవయ్యేళ్లుగా మా మహావీరులు కెంపులనీ, పచ్చలనీ సంచుల్లో వేసుకుంది గుడ్డిగానే.

"రొవీనా, నీ దగ్గర కాగడా?" అన్నాడు గేలార్డ్.

"నువ్వే పారేయమన్నావు. బరువన్నావు."

"అయితే వెర్లిన్ ఒకటి తాగి చూస్తాడు."

"మామయ్య ఎందుకు తాగుతాడు? కుక్క కరిచింది నిన్ను."

అప్పుడు గేలార్డ్ నెమ్మదిగా వెర్లిన్ వైపు తిరిగాడు. ఆ చూపులో ఒక సాసేజ్ మనిషి గర్వం మొత్తం కరిగిపోతూ కనిపించింది.

"వెర్లిన్, నాయనా. ఆ దీపం కాస్త వెలిగిస్తావా?"

"వెలిగిస్తాను. కానీ మీరు నోరు మూసుకోవాలి."

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇర్మా బల్లకి ఒక కట్టుబాటు ఉంది. బల్ల దగ్గర అన్నమాట గుహలో అన్నట్టే. ఒకసారి గేలార్డ్ ఇక్కడ కుర్చీలో కూర్చుని "ఈ రాజు తల బంగాళదుంపలా ఉంది" అన్నందుకు, అక్కడ గ్రోమ్‌హిల్డ్ వసంతమంతా చెరసాలలో గడిపింది. కాబట్టి మౌనం అంటే నిజం మౌనమే.

ఇర్మా గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే ఇసుక గడియారం తెచ్చి బల్ల మీద బోర్లించింది. "ఇది దిగేదాకా. మధ్యలో ఎవరన్నా నోరు జారితే మొదటికొస్తుంది. విషం గుండెకెక్కడానికి పట్టేది ఇలాంటివి రెండే."

ఇసుక రాలడం మొదలైంది. తొట్లలో గాలిబుడగల చప్పుడు. వెర్లిన్ కళ్లు మూసుకుని, ఒక అరచెయ్యి రెండో అరచేతికి అడ్డం పెట్టి కూర్చున్నాడు. నిజంగానే ఏదో పట్టుకున్నవాడిలా.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు గేలార్డ్.

రొవీనా నుదురు కొట్టుకుంది. ఇర్మా మాట్లాడకుండా ఇసుకంతా దిగనిచ్చి గడియారం తిప్పి పెట్టింది. రెండిట్లో ఇక మిగిలింది ఒక్కటే.

గేలార్డ్ మొహం పాలిపోయింది. తన నోటి సంగతి తనకు తెలియనిది కాదు. దాన్ని ఏదో ఒకదానితో పూడ్చాలని గిన్నెలోంచి పెద్ద చీజ్ ముక్క తీసి కుక్కుకున్నాడు. కుక్కుకున్నాక గుర్తొచ్చింది, అది ఆ పొద్దున తీసిన చీజ్. మా ఊళ్లో పంటికింద కీచుమనకపోతే చీజ్ నిన్నటిదని కుక్కకేస్తారు. ఇదేమో మేలైన సరుకు. పళ్లు ఇలా ఆనించాడో లేదో, కీచ్.

ఇర్మా కనుబొమలు పైకి లేచాయి. గడియారం మీదికి చెయ్యి పోయింది. ఆలోచించింది. మాట కాదు గనక చెయ్యి వెనక్కి తీసుకుంది, కానీ వేలు మాత్రం హెచ్చరికగా ఊపింది. గేలార్డ్ అలాగే ఉండిపోయాడు, నమలకుండా, మింగకుండా, దవడ తెరిచి, కళ్లలో నీళ్లు తిరుగుతూ.

అంతలో ముందు గది తలుపు గంట మోగింది. మంచు మీద చేపలు పట్టడానికి పోతున్న ఒక పెద్దాయన, బూట్లు దులుపుకుంటూ వెనక గదిలోకి తొంగి చూశాడు. "ఇర్మా, కాసిని చేపపిల్లలు..."

ఇర్మా పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన చూశాడు. తలలు వంచుకున్న నలుగురు మనుషులు, మధ్యలో జారిపోతున్న ఇసుక, సాసేజ్‌ల పివోన్‌కా కళ్లవెంట కన్నీళ్లు. పెద్దాయన మెల్లగా టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. తనూ తల వంచాడు. ఎక్కడా తొణక్కుండా నిలబడ్డాడు.

చివరి ఇసుక రేణువు దిగింది.

"దీపం వెలిగింది," అంది ఇర్మా. "పసుప్పచ్చటి వెలుగు. గోడలు ఇటిక రంగు. రొవీనా, నీ అంగీ నీలం, నువ్వు మరిచిపోయి ఉంటావు. గ్రోమ్‌హిల్డ్ జడలు రాగి రంగు. ఎడమవైపు సీసా ఎర్రగా మండుతోంది."

గేలార్డ్ చీజ్ మింగేసి ఒక్క అరుపు అరిచాడు. "ఎడమది! తాగేశా! ఎడమది!"

"బతికావు."

పెద్దాయన టోపీ పెట్టుకున్నాడు. "ఎవరు పోయారు?" అని అడిగాడు, జాలిగా.

"ఎవరూ పోలేదండీ," అన్నాడు గేలార్డ్, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ. "ఈయన వల్ల." అని వెర్లిన్ని చూపించాడు. చూపించి, మరీ ఎక్కువైందనుకున్నాడో ఏమో, "నీ దీపం పొగ ఎక్కువరా," అన్నాడు.

"వాసన ఎలా ఉంది?" అన్నాడు వెర్లిన్.

"...బానే ఉంది."

ఇంకా గుహలోంచి బయటపడాలి. తలుపవతల కుక్కలు గోకుతున్నాయి. రొవీనా విల్లు ఎక్కుపెట్టి, "పరిగెడదామా?" అంది.

వెర్లిన్ మళ్లీ ఒక అరచెయ్యి రెండో దానికి అడ్డం పెట్టాడు. గేలార్డ్ పాచికలు అరచేతిలో ఆడిస్తూ కాసేపు గోడకేసి చూశాడు.

"నడుద్దాం," అన్నాడు. "గ్రోమ్‌హిల్డ్ దీపం కుడిపక్కన నడుస్తుంది. నువ్వు ఎడమపక్కన ఉండు రొవీనా. ఏ కుక్కైనా వెలుగులోకి వస్తే దాన్ని నేను కీమా కొడతాను. మనవాడి నడకే మన నడక."

అలా నడిచారు. ఆ నడక ఎంత నెమ్మదిగా సాగిందంటే, గుహలో రాళ్లకి నాచు పట్టిందని ఇప్పటికీ చెబుతారు. ఒక కుక్క విసుగెత్తి ఇంటికెళ్లిపోయిందని కూడా అంటారు. గ్రోమ్‌హిల్డ్ చెవి ఒకటి పోయింది. దీపం మాత్రం ఆరలేదు.

ఆట ముగిసింది. వచ్చే శనివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. గేలార్డ్ కొత్త పుస్తకాన్ని తీసి, ఈటెవీరుడి పేజీ ఒకసారి చూసి, మూసి, వంగి బల్ల పొట్టికాలు కింద తోశాడు. ఇర్మా బల్ల మీద చెయ్యి వేసి ఊపి చూసింది. ఊగలేదు.

"మందం సరిగ్గా సరిపోయింది," అంది. "మంచి పుస్తకం."

బయట మంచు మళ్లీ మొదలైంది. వెర్లిన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, కౌంటీ బండి ఎక్కాడు. పైన దీపం తిరగడం మొదలైంది, పార దిగింది. సరస్సు రోడ్డంతా ఆ పసుప్పచ్చ వెలుగు పడినంతమేరే కనిపిస్తోంది, దాని అవతల అంతా బూడిద. వెనక గేలార్డ్ సాసేజ్ వ్యాను వచ్చి చేరింది. ఎప్పుడూ వెర్లిన్ వెనక ఇరుక్కుంటే గేలార్డ్ హారన్ మోత ఊరంతా వినేది. ఆ సాయంత్రం ఇంటి మలుపుదాకా, దూరం తగ్గించకుండా, పెంచకుండా, ఎద్దు వెనక దూడలా వచ్చాడు.

మలుపు దగ్గర ఒక్కసారి హారన్ కొట్టాడు. అలవాటు చావదు కదా.