నల్లగొండ విమానానికి స్టార్టరు బిగించడానికి పోయిన ప్రయాణం

తెల్లవారి ఆరింటికి హైదరాబాదులో బొగ్గుతో నడిచే బస్సెక్కాను. ఒళ్లో గోనెపట్టా చుట్టిన స్టార్టరు, కాళ్ల దగ్గర తీగచుట్ట. నల్లగొండ అవతల మైదానంలో ఒక దొర చిన్న విమానం ఆగి ఉంది. దాని పంఖాను చేత్తో తిప్పితేనే ఇంజను అందుకుంటుంది. మొన్న అట్లా తిప్పబోయి మా కార్ఖానా యాదయ్య చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇక చేత్తో తిప్పే పని లేకుండా చెయ్యమన్నాడు దొర.

కార్ఖానాలో రెండు స్టార్టర్లున్నాయి. లారీది గట్టిదే, కానీ ముక్కు మీద అంత బరువు పెడితే విమానం తూగదు. అందుకని చిన్న కారుదాన్ని ఎంచాను. మాకు పని నేర్పిన ఉస్తాద్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"మంచిదే. కాయిదా యాదున్నది గద? బిగించినోడే మొదలు ఎక్కాలె."

లారీల విషయంలో ఆ కాయిదా నాకు అలవాటే. విమానమనేసరికి పైప్రాణాలు పైనే పోయాయి.

చిట్యాలలో బస్సు ఆగితే చాయ్ తాగాను.

"గా మూటల ఏమున్నది బిడ్డా?" అంది పక్క సీటు అవ్వ.

"విమానం మోటారు, అవ్వా. రేపు నేను గూడ అండ్ల ఎక్కాలె."

"ఓ యమ్మో! నేల మీద జాగ లేదార నీకు?"

నాదీ అదే మాట.

నార్కట్‌పల్లి దాటి నల్లగొండ చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. టాంగా కిరాయికి మాట్లాడుకుని మైదానానికి పోయాను. దీపాలకని పెట్టిన బ్యాటరీ సీటు వెనక ఉంది, స్టార్టరేమో ముక్కులో బిగించాను. అంత దూరానికి సన్న తీగ వేస్తే వేడెక్కి అంటుకుంటుంది. లావు తీగనే సీటు పక్కగా లాగి, రాసుకునే చోటల్లా తోలు చుట్టాను. బ్యాటరీ రెండో తీగను ఇంజను ఒంటికి బిగించాను. మర్నాడు పొద్దున మీట నొక్కితే టక్కుమంది, అంతే. ఆ రెండో తీగ కొస పట్టుకుంటే వేడికి చెయ్యి చురుక్కుమంది. విప్పి చూస్తే ఏముంది, బోల్టు కింద ఇంజనుకు వేసిన రంగు కరెంటుకు అడ్డుపడుతోంది! తళతళలాడేదాకా గీకి మళ్లీ బిగించాను. ఈసారి పంఖా గిర్రున తిరిగి ఇంజను అందుకుంది.

"శాబాష్! ఎక్కు, హైదరాబాద్ పోదం" అన్నాడు దొర పెట్టుకున్న పైలట్.

"నేను బస్సుల పోత సాబ్. టికెట్ గూడ కొన్న."

"గిట్లనే అంటవని మీ ఉస్తాద్ చెప్పిండు. నడువ్."

ఇంటిదేవుళ్లందరికీ మొక్కి ఎక్కాను. నేల వదిలాక ఒకటే భయం. తోలు జారిందేమో, బోల్టు వదులైందేమో! పైలట్ కిందికి ఏదో చూపించాడు. నేను తల తిప్పలేదు, వేడెక్కుతుందేమోనని తీగ మీంచి చెయ్యి తీయలేదు.

బస్సుకు పూట పట్టిన దారి ఇట్టే అయిపోయింది. ఆ కాస్సేపట్లో ఎన్నిసార్లు చచ్చానో నాకే తెలుసు. హైదరాబాదులో దిగేసరికి ఉస్తాద్ ఎదురొచ్చాడు.

"పైకెల్లి మన ఇలాకా ఎట్ల కనవడ్డదిర?"

"తీగ సల్లగనే ఉన్నది, ఉస్తాద్" అన్నాను.