పన్నెండు రాళ్ల పేరు

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమీర్‌పేటలో అప్పటికి ఇళ్లకన్నా తోటలే ఎక్కువ. మా అమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చి, గడపలో చెప్పులు విడుస్తూనే నవ్వింది. ఆయన ఉర్దూలో "కాలా మోతియా" అన్నాడట. మోతీ అంటే ముత్యం. నిజానికది కంటి నరం ఎండిపోయే జబ్బు. మందు లేదు, చూపు మెల్లమెల్లగా పోతుంది.

"మోతీలు అందరు మెడల ఏసుకుంటరు. నాకు కండ్లల్ల మొలిసినయి బిడ్డా," అంది.

నాకు ఒళ్లు మండింది. ఏడవాల్సిన చోట ఈ వేళాకోళం ఏమిటి?

ఇంకో మూడు నెలల్లో నా పెళ్లి. చూపు ఉండగానే నా మెడలో హారం చూడాలి, అదొక్కటే ఆమె కోరిక. నాకు కావలసింది ఒంటిపేట కెంపులు, ఎర్రగా ఒకే వరుస. అమ్మ ఒప్పుకోలేదు. మేం క్రైస్తవులం. పరలోక పట్టణపు పునాదుల్లో పన్నెండు రకాల రాళ్లుంటాయని గుడిలో విని, ఆ వరుసంతా కంఠతా పట్టింది. నా హారంలోనూ రాళ్లు అదే వరుసలో ఉండాలట.

ఝట్కా బండి కట్టించుకుని చార్‌కమాన్‌ బజారుకు వెళ్లాం. రాళ్ల దుకాణం సేటు పెద్దవాడు, ఓపికస్థుడు. అమ్మ వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పుకుంటూ పోయింది. తొమ్మిది దాటగానే ఆయన తల గోక్కున్నాడు.

"నవరత్నాలంటే తొమ్మిదే గదమ్మా. గా మూడు యాడికెల్లి తేవాలె?"

"తొమ్మిది మీ గ్రహాలకు. మాకు పన్నెండు. బైబిల్ల ఆఖరి రాయి పేరు సుగంధము," అంది అమ్మ.

"సుగంధమా? గది రాళ్ల దుకాణంల దొరకదమ్మా. అత్తరు దుకాణం పక్క గల్లీల ఉన్నది, జర గక్కడ అడుగు."

నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. చివరికి సేటు ఊదారంగు రాయి ఒకటి తీసి, "గిదే సుగంధమనుకో," అన్నాడు. ఆమె అలాగే అనుకుంది. మిగతా రెండూ ఇలాగే కుదిరాయి.

ఆపైన వాటిని వరుసగా పేర్చడానికి కూర్చుంది. ఒక్కో రాయినీ ముక్కు దాకా తెచ్చుకుని, వాకిటి వెలుగుకు తిప్పి చూసి, గుడ్డమీద పెట్టింది. నీలం ఉండాల్సిన చోట పచ్చ పెట్టింది, పచ్చ చోట నీలం. సేటు నా వంక చూశాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే, నీకు ఇక రంగులు తెలియడం లేదమ్మా అని ఆమె ముఖాన చెప్పినట్టే. నా వల్ల కాలేదు. ఆమె తన బంగారు గాజులు కరిగించమని ఇచ్చింది. రాళ్లు ఆమె పేర్చినట్టే కట్టించాం.

హారం ఇంటికి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు, రంగుల పెట్టె ఒలికినట్టుంది. వేసుకుని చూపిస్తానంటే అమ్మ వద్దంది.

"పెండ్లినాడే ఏసుకో. పెండ్లికూతురి మెడల్నే చూస్త."

పెళ్లినాడు తను ముందుగానే వెళ్లి, పంజాగుట్ట వైపున్న మా చిన్న గుడిలో మొదటి వరుసలో కూర్చుంది. నేను హారం వేసుకుని వెళితే గుమ్మం దగ్గర పాస్టరయ్యగారు ఆపారు.

"తల్లీ, మన గుడిలో పెండ్లికూతురు రాళ్ల నగలు పెట్టుకోదు. తీసి లోపలికి రా."

"మా అమ్మ చూడాలె అయ్యగారూ."

"ప్రార్థన అయినంక చూస్తది తియ్యి."

కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని. అంత మెత్తగా అడిగేసరికి కాదనలేకపోయాను. హారం తీసి పిడికిట్లో దాచుకున్నాను. బయటికి రాగానే మళ్లీ వేసుకుందామనుకున్నాను. పెళ్లి ప్రార్థన ముగిసి, గుమ్మం దాటీ దాటకముందే అమ్మ ఎవరి చెయ్యో పట్టుకుని నా ఎదుటికి వచ్చింది. ఎండ నేరుగా నా బోసి మెడమీద పడుతోంది. ఆమె తల వంచి, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది.

"పన్నెండు సుత మెరుస్తున్నయి బిడ్డా," అంది. "మస్తు మంచిగున్నది. నీలం ఎట్ల నవ్వుతున్నదో సూడు."

అవునమ్మా అన్నాను. హారాన్ని తడిమి చూడాలని ఆమె చెయ్యెత్తింది. అది నా మెడ దాకా రాకముందే పట్టుకుని, నా చెంపకు ఆనించుకున్నాను.