డాలర్ వేస్తే నెట్ వచ్చే డబ్బా

పదో తరగతి మూడుసార్లు తప్పాను. ఆ మూడేళ్లలో నేను కూర్చున్న బెంచీ అయినా పాసై ఉంటుంది. అలాంటి నేను అమెరికాలోని ఇర్వింగ్‌లో మా బావమరిదికి వ్యాపారం నేర్పబోయాను. డాలర్ వేస్తే పది నిమిషాలు ఇంటర్నెట్ వచ్చే మిషన్లు కొని ఇండియన్ షాపుల్లో పెడదామని, రెస్టారెంట్ వంటింట్లో పనిచేసి వాడు కూడబెట్టుకున్నదంతా అందులో పెట్టమని వారం రోజులు బుర్ర తిన్నాను. చివరికి ఒక షాపులో మిషన్ చూపించడానికి తీసుకెళ్లాను. దాని ముందు గొప్పలు చెబుతుండగానే, అర్జంటుగా మెయిల్ చూసుకోవాలని గుర్తొచ్చింది.

"పద, లైబ్రరీలో నెట్ ఫ్రీ" అంటూ కారు తీశాను.

అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. సిగ్గుతో వెనక్కి తిరగలేకపోయాను. భుజం వెనక నుంచి వాడు మెల్లగా అన్నాడు:

"బావా, నువ్వు డాలర్ వేయని డబ్బాలో నేను పొయ్యి ముందు సంపాదించిందంతా వేయమంటావా?"