తోమాష్ గారి జేబురుమాలు

పోలండు నుంచి వచ్చి బందరు కాలేజీలో చరిత్ర చెప్పే తోమాష్ గారికి, పెళ్లికాని మగాడని నాలుగిళ్ల వాళ్లు గది లేదన్నారు. తన చర్చివాళ్లంతా వద్దంటున్నా ఆనందమ్మ అనే ఆవిడ మాత్రం తన మేడమీద గది ఇచ్చింది. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి. ప్రతి గుమ్మం దగ్గరా నడుం వంచేవాడు, వీధిలో పిల్లి ఎదురొచ్చినా పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు. కానీ గోడవారన ముక్కు చీది, వేళ్లు కరెంటు స్తంభానికి రాసేవాళ్లను చూస్తే ఆయనకు డోకొచ్చేది. తను మాత్రం రుమాల్లో చీది, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దోపుకునేవాడు.

ఆయనకు జలుబు చేసిందని ఒకరోజు ఆనందమ్మ మిరియాల చారు తెచ్చింది. ఆయన బుర్రున చీది, రుమాలు జేబులో పెట్టుకుని, అదే చేత్తో గిన్నె అందుకోబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఛీ ఛీ! చీమిడి దాచుకుంటారేంటండీ, అదేమన్నా బంగారమా? మనుషుల్లా కుళాయి దగ్గర చీదండి. లేదంటే ఒకటో తారీఖుకి గది ఖాళీ చేసెయ్యండి!" ఆరో ఇల్లు దొరకదని ఆయనకు తెలుసు. కుళాయి దగ్గర వంగి, కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లతో చీదాడు. ఆ వేళ్లకేసి ఒక్కసారి చూసుకుని, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ అక్కడే కక్కేశాడు. ఆనందమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చెంబుతో నీళ్లు పోసింది. "పోన్లెండి బాబూ, మీకు మీ గుడ్డే నయం. మీరే ఉతుక్కోండి. నా బకెట్లో ముంచారో, మీ సామాను వీధిలో ఉంటుంది."