మా ఇంటి రక్తం చదివిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిందని మొన్న సోమవారం పొద్దున మహబూబాబాద్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను జనగామలో మా కొట్లో పల్లీలు జోకుతున్నాను. సరుకు కోసం వచ్చినాయన "అక్కా, తరాజు సూడు" అనేదాకా జోకుతూనే ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఆశ్చర్యమే వేసింది, ఆమె లాంటి మనిషి కూడా పోతుందా అని.

ఆమె నన్ను మొదట చూసింది దవాఖానలో కాదు, తెలంగాణ కోసం వేసిన రిలే దీక్ష డేరాలో. నాకు పెళ్లయిన కొత్త. వారం రోజులుగా మా వాడ ఆడవాళ్లతో కలిసి పొద్దంతా చాప మీద కదలకుండా కూర్చుంటున్నాను. దీక్షలో ఉన్నవాళ్లకు బీపీ చూడడానికి వచ్చిన ఆమె, చీర అంచు కింద నా ఎడమకాలు చూసి ఆగింది.

"ఒక్క కాలే వాసిందా?"

"బోదకాలేమో అంటున్నది మా అత్తమ్మ. రోజూ ఆముదం రాసి గట్టిగ పిసుకుతున్నది."

ఆమె ముఖం మారిపోయింది. "ఇగ ఆ కాలును ఎవ్వరు పిసకద్దు. ఆటో పిలువున్రి" అంది.

స్కానింగు చేస్తే తొడ నరంలో రక్తం గడ్డకట్టిందని తేలింది. పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునట. 'ప్రేమగా చంపుకునేదాన్నే గదా' అని మా అత్త నెత్తి పట్టుకుంది.

డాక్టరమ్మ డోర్నకల్ దగ్గరి తండాలో పుట్టిన మనిషి. కోపం లంబాడీలో, బుజ్జగింపు తెలుగులో. ఎవరొచ్చినా ముందు పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు డబ్బాలు గీసి, పోయినవాళ్లతో సహా ఇంటిల్లిపాదినీ రాసుకునేది. "మనిషొక్కడే రాడు దవాఖానకు, ఇల్లంతా వస్తది" అనేది.

నా కాగితంలో అమ్మ దగ్గర ఆగింది. "ఎట్ల పోయింది?"

"నన్ను కన్న తొమ్మిదో రోజు. మంచంల కూసున్నది కూసున్నట్టే ఊపిరాగిందట. పుట్టంగనె తల్లిని మింగిందంటరు నన్ను."

ఆ మాట వింటూనే పెరిగాను. రేపు నా కాన్పులో నేనూ అట్లాగే పోతానేమో, నా బిడ్డకూ ఆ పేరే అంటుకుంటుందేమో అని పెళ్లయిన నాటి నుంచి లోపల వణుకే.

ఆమె ఓదార్చలేదు. ఆ పురిటి మంచం దగ్గర ఎవరున్నారని అడిగింది. అమ్మ సొంత అక్క, భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే మా పెద్దమ్మ. ఆ మాట నన్ను మొదట అన్నదీ ఆమే. "తోలుకరా" అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ వచ్చి కూర్చుంది. కొంగు మెలిపెడుతూ చెప్పింది. "కాలు వాసింది డాక్టరమ్మా, సొరకాయ లెక్క. బాలింత అడుగు కింద పెట్టద్దన్నరు, నీళ్లు తాగద్దన్నరు. దూప, దూప అన్నది మా చెల్లె. నేను చెంబు దాసిపెట్టిన. నేనే సంపిన్నా?"

నా మీద వేసిన మాట వెనక ఇన్నేళ్లూ ఆమె దాచుకున్న మాట అదే. నాకు కోపం రాలేదు, జాలేసింది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా తండల గూడ బాలింతలకు గట్లనే నీళ్లు బంద్ పెట్టిన్రు. అది తప్పే. కానీ అందరు సావలే గదా. మీ ఇంటి రక్తంలనే ఏదో ఉన్నది. రుజువు లేదు నాకు, సూద్దాం."

వెంటనే పరీక్ష చెయ్యమంటే నవ్వింది. "గడ్డ తాజాగున్నది, మందు నడుస్తున్నది. ఇప్పుడడిగితే రక్తం అబద్ధం చెప్తది." ఆరు నెలలు మాత్రలు వాడించి, ఆపించి, కొన్ని వారాలాగి అప్పుడు నా రక్తమూ పెద్దమ్మ రక్తమూ తీసింది. బందులతో, రైల్ రోకోలతో అది హైదరాబాద్ చేరడమే గగనమైంది. "తెలంగాణ ముందొస్తదో నీ రిపోర్టు ముందొస్తదో" అని ఎక్కిరించేది.

రిపోర్టే ముందొచ్చింది. "రక్తం గడ్డకట్టాలె, లేకుంటే వేలు తెగితే నెత్తురు ఆగది. కట్టినంక ఇగ చాలు అనేటిది గూడ రక్తంలనే ఉంటది. నీకది తక్కువ. మీ పెద్దమ్మకు గూడ తక్కువ. మీ అమ్మకూ గట్లనే ఉండుంటది. నువ్వెవరిని మింగలే బిడ్డా."

వాచిన కాలు దగ్గర మొదలుపెట్టి, నేను ముఖమైనా ఎరగని అమ్మ దాకా ఒక మనిషి అట్లా వెనక్కి పోగలగడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పరీక్షలు ఎందరో చేస్తారు. చనిపోయినవాళ్లను కూడా తన రోగుల్లో కలుపుకున్న డాక్టరును మాత్రం నేను ఆమెనే చూశాను.

కడుపుతో ఉన్నన్నాళ్లూ, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్ట మీద సూది. బంద్ రోజు మందు తెచ్చేవాళ్లు లేకపోతే తనే సంచిలో పెట్టుకుని మా ఇంటిదాకా నడిచొచ్చింది.

బిడ్డ పుట్టిన మర్నాడు దవాఖాన గదిలో మా అత్త పాత అలవాటు కొద్దీ తలుపు దగ్గరికేసి నన్ను పడుకోమంది. డాక్టరమ్మ వచ్చి తలుపు బార్లా తీసి, "కదలకుంటే మల్ల గడ్డకడ్తది, లేవు" అంది. మోకాళ్ల నొప్పులతో అప్పటికే ఆమె నడక అంతంతమాత్రం. అయినా నా రెండు చేతులూ పట్టుకుని, నాకు ఎదురుగా నిలబడి, పసిపిల్లకు అడుగులు నేర్పినట్టు వరండా పొడుగునా నన్ను నడిపించింది. పక్కనే పెద్దమ్మ నా బిడ్డనెత్తుకుని నడిచింది. "కిందికి సూడకు. నా మొకం సూడు. నడువు" అంటూ, తన వెనక ఏముందో ఒక్కసారి కూడా తిరిగి చూసుకోకుండా, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పోయింది డాక్టరమ్మ.